నెమలికోన హోరులో

"లేవండి. అందరూ ముందుకెళ్ళిపోయారు."

"వెళ్ళనివ్వండి."

మహిమ బండమీద కూర్చుని, బూటు విప్పి పాదం నొక్కుకుంటోంది. తలెత్తి కూడా చూడలేదు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఆమె. పొద్దున నైట్ డ్యూటీ దిగి నేరుగా చర్చి వాళ్ళ వ్యాన్ ఎక్కింది. నల్లమల అభయారణ్యంలో నెమలికోన జలపాతానికి యూత్ ట్రిప్. ముప్పై నిండబోతున్న మహిమకు యూత్ అనే మాట వింటేనే నీరసం వస్తోంది.

"ఇక్కడ పులులుంటాయంటండి," అన్నాడు ఆమె కోసం ఆగిపోయిన యువకుడు.

"నన్ను తిన్నా వాటికేం బలం రాదు. మీరు వెళ్ళండి."

అతను వెళ్ళలేదు. ఎదురుగా ఉన్న బండమీద చతికిలబడ్డాడు.

"నిజం చెప్పాలంటే నాకూ ఓపిక లేదండి. మీరు లేవకపోతే బాగుండునని అనుకుంటూనే లేవమన్నాను."

మహిమకు నవ్వు రాబోయింది. అంతకంటే ముందు తుమ్ము వచ్చింది. వెంటనే ఇంకోటి.

"సారీ అండి. నా చొక్కా వల్ల. మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని. ఎంత ఉతికినా ఘాటు పోదు. నా పేరు జయపాల్. మాది పర్చూరు. మీ గురించి సంజీవరావు గారు చెప్పారు."

సంజీవరావు గారు వాళ్ళ చర్చి సంఘపెద్ద. ఈ ట్రిప్ పెట్టింది ఆయనే.

"నా గురించి ఏం చెప్పారు?"

జయపాల్ నాలుక కరుచుకున్నాడు. "అంటే... మీకు చెప్పలేదా?"

మహిమ చేతిలో బూటు అలాగే ఆగిపోయింది. "ఇవి పెళ్ళిచూపులా?"

జవాబు కోసం ఆగలేదు. బూటు తొడుక్కుని విసవిసా నడిచింది. అమ్మ బతిమాలి పంపింది ఇందుకన్నమాట. అందరూ తనను వెనక వదిలేసి అంత హుషారుగా ముందుకెళ్ళింది కూడా ఇందుకే.

"ఆగండి! కోపంలో మీకు ఓపికొచ్చింది. నాకదీ లేదు," వెనకనుంచి రొప్పుతూ అన్నాడు జయపాల్.

మహిమ ఆగింది. "చూడండి జయపాల్ గారూ. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా నన్నడిగేది ఒకటే మాట. ఉద్యోగం ఎప్పుడు మానేస్తావు? కాఫీ తాగకముందే అడిగేస్తారు. ఇక నావల్ల కాదు. ఈ పెళ్ళి గోల ఇంతటితో ఆపేయమని మా అమ్మకు ఈరోజే చెప్పేస్తాను."

"నాదీ అంతేనండి. పోయినసారి నేను చూసిన అమ్మాయి, నేనక్కడ కూర్చున్నంతసేపూ దగ్గుతూనే ఉంది. వేరే పని చూసుకో బాబూ అన్నారు వాళ్ళ నాన్న."

"చూసుకుంటారా?"

"ఎందుకండీ? నా పని నాకిష్టం." చేత్తో చెమట తుడుచుకున్నాడు. "మీరు మాత్రం ఎందుకు మానాలి?"

దారిలో రాళ్ళు చూసుకుంటూ, మామూలుగా అడిగేశాడు. మహిమ ఇన్నాళ్ళూ సిద్ధంగా పెట్టుకున్న జవాబులన్నీ వేరే ప్రశ్నకి.

ఫారెస్ట్ గార్డు మాబు సాహెబ్ వెనక్కొచ్చి ఒకసారి చూశాడు. "ఈ వాగు పక్కనే రండి, దారి తప్పరు," అని చెప్పి మళ్ళీ ముందుకెళ్ళాడు. జలపాతం హోరు దూరంగా వినబడుతోంది. ఇద్దరికీ కాళ్ళు కదలడం లేదు. వాగు ఒడ్డున చదును బండ కనబడగానే ఒకరినొకరు అడక్కుండానే కూర్చున్నారు.

జయపాల్ టిక్కీలు ఎలా పేర్చాలో చెప్పడం మొదలెట్టాడు. మిర్చి బస్తాలను వాళ్ళు టిక్కీలంటారట. వాక్యం మధ్యలో ఆగిపోయాడు. మహిమ తిరిగి చూస్తే, చెట్టు మొదలుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. పెళ్ళిచూపుల్లో ఇంత ధైర్యంగా నిద్రపోయిన వాణ్ని ఆమె ఎన్నడూ చూడలేదు. పగలు పడుకుంటే ఇంట్లో ఆమెకు కన్ను మూతపడదు. ఇక్కడ ఊరికే అలా కళ్ళు మూసింది.

"ఏమ్మా మహిమా! మాట్లాడుకుంటారని వదిలేసి వెళ్తే గురకలు పెడుతున్నారా?"

సంజీవరావు గారు. ఆయన వెనక తడిసిన బట్టలతో, తిరుగుదారి పట్టిన గుంపంతా. ఎవరో అప్పటికే ఫోటో కూడా తీశారు.

జయపాల్ గబుక్కున లేచి సంజీవరావు గారిని పక్కకు తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించినా మాటలు మహిమకు వినపడ్డాయి.

"ఆవిడకి ఇష్టం లేదండి. బలవంతం చేయొద్దని వాళ్ళమ్మగారికి మీరే నచ్చచెప్పండి."

తను కోరుకున్నదే. అయినా మహిమకు ఆ మాట నచ్చలేదు.

"నేను జలపాతం చూడలేదు," అంది గట్టిగా.

"టైమ్ లేదమ్మా. చీకటి పడేలోపు గేటు దాటాలి."

"ఇంత దూరం నడిచొచ్చి చూడకుండా రాను."

మాబు సాహెబ్ ఆకాశం వంక చూశాడు. "మీరంతా ఇక్కడే కూర్చోండి. నేను తీసుకెళ్ళి తీసుకొస్తా."

రెండడుగులు వేసి మహిమ వెనక్కి తిరిగింది. "జయపాల్ గారూ, మీరు రారా?"

వాగు మలుపు తిరగ్గానే కొండమీంచి తెల్లగా దూకుతున్న నీళ్ళు. తుంపర కనురెప్పలమీద పడుతోంది. హోరుకు చెవులు మూసుకుపోతున్నాయి.

"ఆయనతో అలా ఎందుకు చెప్పారు?" అంది మహిమ.

"ఆఁ?"

"ఇష్టం లేదని నేనెప్పుడన్నాను?"

"వినపడట్లేదండీ!"

మహిమ దగ్గరకెళ్ళింది. ఉన్న ఓపికంతా కూడదీసుకుని అరిచింది. "మీరు నాకు నచ్చారు! పెళ్ళి చేసుకుందాం! ఉద్యోగం మాత్రం మానను!"

జయపాల్ కంగారుపడిపోయాడు. "ఉద్యోగం మానేస్తారా? వద్దండీ! ఎందుకండీ మానడం?"

మహిమ తల పట్టుకుంది. మాబు సాహెబ్ ఇక ఆగలేక వచ్చి, జయపాల్ చెవి దగ్గర నోరు పెట్టి కేకేశాడు.

"మానదంటయ్యా! నిన్ను చేసుకుంటానంటోంది!"

జయపాల్ మాబు సాహెబ్‌ని చూశాడు. మహిమను చూశాడు. ముఖమంతా నీళ్ళు కారుతుంటే, రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచాడు.

ఆ హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. అతని ముఖం చూశాక, మహిమకు మళ్ళీ చెప్పించుకోవాలని అనిపించలేదు.