అలివేలుమంగ తొట్టి స్నానం

శనివారం ఉదయం జర్మనీలో, హైడెల్‌బర్గ్‌లోని ఆ మూడో అంతస్తు ఇంట్లో అందరికంటే ముందు లేచింది అలివేలుమంగ. లేవడమే హుషారుగా లేచింది. మనవరాలి కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, వచ్చే శుక్రవారం అమ్మమ్మలూ తాతయ్యల పండగ. పిల్లల చేతులు పట్టుకుని పెద్దవాళ్ళంతా కొండమీది కోటకి నడిచి వెళ్తారు. "మా అమ్మమ్మ వస్తుంది" అని నాలుగేళ్ళ ఈషా బడంతా చాటేసి వచ్చింది. ఇక వెళ్ళకుండా ఎలా ఉంటుంది?

తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ మోకాళ్ళు ఈ ఇంటి మెట్లకే మొరాయించాయి. అప్పుడు కంటపడింది కూతురింటి స్నానాల తొట్టి. జన్మంతా బకెట్టూ చెంబూ తప్ప ఎరగని మనిషి. మొదటిసారి మెడదాకా వేడినీళ్ళలో మునిగి కూర్చుంటే, ఇదేం సుఖంరా దేవుడా అనిపించింది. పట్టేసిన పిక్కలు వదిలాయి, కీళ్ళు తేలికపడ్డాయి, రాత్రి కంటినిండా నిద్రపట్టింది. కొద్దిరోజులకే మెట్లు గబగబా దిగసాగింది. దుకాణం వదిలి రాలేనన్న భర్త వెంకటరామారావుకి ఫోను చేసి "మీరు రాలేదు, మీ ఖర్మ" అని ఊరించింది కూడా.

ఏదైనా మంచిదైతే, ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం ఆవిడ తత్వం. పప్పులో నెయ్యి దగ్గర్నుంచి అన్నిటికీ అదే లెక్క. అందుకని నీళ్ళు రోజురోజుకీ వేడెక్కాయి, స్నానం రోజురోజుకీ పొడుగైంది.

ఆ రోజు శనివారం, వెంకటేశ్వరస్వామికి ఒంటిపొద్దు. పూజ అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. బీపీ మాత్రని మాత్రం ఒక్క గుక్క నీళ్ళతో మింగి, స్నానాలగదిలోకి వెళ్ళి, గడియ బిగించి, పొగలు కక్కే నీళ్ళలోకి దిగింది. పొట్ట ఖాళీగా ఉంటే వేడి ఒంటికి ఇంకా బాగా పడుతుందన్నది ఆవిడ సొంత సిద్ధాంతం.

ఒళ్ళంతా ఎర్రబడి చెమటలు పట్టేదాకా కూర్చుంది. ఈషాతో కలిసి కోట ఎక్కుతున్నట్టు ఊహించుకుని మురిసిపోయింది. ఆ ఊపులో చటుక్కున లేచి నిలబడింది. కళ్ళముందు చీకట్లు కమ్మాయి. షాంపూ సీసాలు దబదబా కిందపడ్డాయి. వాటి వెనకే ఆవిడా తొట్టి అంచుమీద కూలబడి నేలమీదికి జారింది.

"అమ్మా! అమ్మా! ఏమైంది? పలకవేం?"

కూతురు పూజిత తలుపు బాదుతోంది. ఆవిడకి వినిపిస్తూనే ఉంది, నోరు పెగలడం లేదు.

ఇక్కడి స్నానాలగది తలుపులకి బయటివైపు ఒక గాడి ఉంటుంది. నాణెం దూర్చి తిప్పితే గడియ వస్తుంది. పూజిత అలాగే తీసి లోపలికి దూకింది. తల్లిమీద తువ్వాలు కప్పి, కాళ్ళు ఎత్తుమీద పెట్టింది. ఆవిడ కళ్ళు తెరిచాక, అల్లుడు విక్రాంత్ మొహం అటు తిప్పుకునే మంచినీళ్ళు అందించాడు. ఆవిడకి ముందు తెలివి వచ్చిందో, సిగ్గు వచ్చిందో చెప్పలేం.

సోఫాలో పడుకోబెట్టి ఉప్మా పెడితే "పూజ కాలేదే" అంది.

"దేవుడేమీ అనుకోడు. తిను" అంది పూజిత. తిన్నాక అసలు మాట బయటపెట్టింది. "ఇవాళ్టితో తొట్టి స్నానం బందు. శుక్రవారం కోటా లేదు, గీటా లేదు."

"కాస్త కళ్ళు తిరిగితేనే ఇంత రాద్ధాంతమా? ఆ నీళ్ళ వల్లే కదటే నా మోకాళ్ళు బాగుపడ్డాయి!"

"ఆ నీళ్ళ వల్లే కదమ్మా పడ్డావ్!"

"సరే, నీ ఇంట్లో వేడినీళ్ళు పోసుకోడానికి కూడా నాకు స్వతంత్రం లేదన్నమాట. టికెట్టు చూడమను మీ ఆయన్ని. నా బకెట్టు నాకుంది తెనాల్లో."

"అత్తయ్యగారూ..." అనబోయిన విక్రాంత్, ఇద్దరి చూపులూ చూసి వంటింట్లోకి జారుకున్నాడు.

అప్పుడు అందుకుంది ఈషా, జర్మనూ తెలుగూ కలిపేసి. "అమ్మమ్మ ఉమ్‌గెఫాలెన్! మొన్న కూడా ఉమ్‌గెఫాలెన్! స్నానం నుంచి వచ్చి ఇక్కడ పడిపోయింది. మమ్మీకి చెప్పద్దని చాక్లెట్ ఇచ్చింది."

పూజిత తల్లి ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"మొన్న కూడానా? ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే కోటకి పంపవని..."

"పంపకపోతే నామీద నాలుగు రోజులు అలుగుతావ్. అంతేగా? తలుపు తీసేటప్పుడు నాణెం నా చేతిలోంచి రెండుసార్లు జారిపోయిందమ్మా. రెండుసార్లూ నువ్వింక లేవనే అనుకున్నాను. నాన్నకి ఏమని ఫోను చెయ్యను? ఈషాకేం చెప్పను?" పూజిత భోరున ఏడ్చేసింది.

అలివేలుమంగ కూతురి చేతులు పట్టుకుంది. ఇందాకటిదాకా పెత్తనమనుకున్నది పెత్తనం కాదు, భయం. బాధ దాచుకుంటే పిల్లలకి మేలు చేసినట్టే అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ. ఆ దాచుకోవడం ఈ పిల్లని ఎంత హడలగొట్టిందో తలుచుకుంటే ఆవిడకీ ఏడుపు ఆగలేదు.

"తప్పయిందే తల్లీ. కళ్ళు తిరుగుతున్నాయంటే ముసలిదాన్నైపోయానని ఒప్పుకున్నట్టుంటుందనిపించింది."

సోమవారం డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికింది. బీపీ చూసి, గుండె పరీక్ష చేసి, ఆయన చెప్పింది విని తల్లీకూతుళ్ళిద్దరూ ఆశ్చర్యపోయారు. గోరువెచ్చటి నీళ్ళు కీళ్ళకి మంచివే, మానక్కర్లేదన్నాడు. కానీ మరీ వేడినీళ్ళలో ఎక్కువసేపు ఉంటే రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుందట. దానికి మాత్ర తోడై, పొట్టలో తిండీ నీళ్ళూ లేక, ఒక్కసారిగా లేచి నిలబడితే ఎవరైనా పడతారట. కాస్త తిని, నీళ్ళు తాగి, కాసేపే ఉండి, పట్టుకుని నిదానంగా లేవమన్నాడు. గడియ మాత్రం వద్దే వద్దన్నాడు. ఓపికున్నంతవరకూ కోటకి నడవచ్చన్నాడు.

"చూశావా, మంచివేనన్నాడు!" అంది తల్లి.

"మిగతాది కూడా విన్నావుగా?" అంది కూతురు.

బుధవారం స్నానానికి తలుపు దగ్గరగా వేసుకుంది, అంతే. పూజిత బయట స్టూలు వేసుకుని కూర్చుంది. "అమ్మా?" అంటే "ఉన్నానే!" అని లోపల్నుంచి జవాబు. అలా పిలుపూ జవాబూ సాగుతుంటే ఇద్దరికీ నవ్వాగలేదు.

శుక్రవారం రానే వచ్చింది. కోటకెళ్ళే మెట్లదారంతా పిల్లల కేకలే. బూట్లు వేసుకున్న అలివేలుమంగ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని అందరితో సమానంగా బయల్దేరింది. సగం దారిలో మోకాళ్ళు పట్టేశాయి, ఆయాసం మొదలైంది. ముందు నడుస్తున్న జర్మన్ పెద్దవాళ్ళెవరూ ఆగలేదు. ఇంకో పదడుగులు పళ్ళు బిగించి లాగేద్దామా అని నోటిదాకా వచ్చిన మాటని మింగబోయింది. అంతలో పూజిత చేతిలోంచి జారిన నాణెం గుర్తొచ్చింది.

"ఈషా, ఆగమ్మా. అమ్మమ్మకి ఆయాసంగా ఉంది. కూర్చోవాలి" అంది, గట్టిగానే.

"పౌజె!" అని ఈషా దారంతా దద్దరిల్లేలా అరిచింది. విశ్రాంతి అనే ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు ముందున్న ఓమాలూ ఓపాలూ, అంటే అమ్మమ్మలూ తాతయ్యలూ, ఒకరి తర్వాత ఒకరు మెట్లమీద కూలబడ్డారు. ఒకావిడ మోకాళ్ళు రుద్దుకుంటూ ఈవిడకేసి చూసి నవ్వింది. ఆయాసంలోనే ఈవిడా నవ్వింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కుతున్నావా? బానే ఉన్నావా?"

"లేదే. మోకాళ్ళు పట్టేశాయి, ఆయాసమొచ్చింది. కూర్చున్నాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏడుస్తున్నావా పిచ్చిదానా? కూర్చున్నాను కదే!"

"చెప్పావు కదమ్మా, అందుకే" అంది పూజిత. "ఇక నిదానంగా ఎక్కు."