రేవు రాగానే ఆగే ఇంజన్

“ఐడిల్‌లో ఆగిపోతోంది!” అన్నాడు కాశిం, పడవ వెనక బిగించిన మోటారు మీదికి వంగి.

“ఇడ్లీ ఆగిపోయిందా? ఎవరి గొంతులో? నీళ్లు తాగించండయ్యా!” హనుమయ్య తాత కంగారుగా నీళ్ల సీసా తీశాడు. తాతకి చెవులున్నది కళ్లజోడు తగిలించుకోడానికే.

కాశిం కూతురు, పదేళ్ల సిద్రా, తాత చెవి దగ్గర అరిచింది. “ఇడ్లీ కాదు తాతా, ఐడిల్! పడవ నెమ్మది చేసినా ఇంజన్ మెల్లిగా తిరుగుతూనే ఉండాలి. మనది తిరగడం లేదు.”

“అలాగా! మరి ఇడ్లీ తిన్నదెవరు?”

పడవంతా నవ్వింది, కాశిం తప్ప. విజయవాడ ఒడ్డు నుంచి జోరుగా వచ్చిన మోటారు, నది మధ్య లంక రేవు దగ్గర నెమ్మది చేయగానే గుడగుడమంది. నీలం పొగ వదిలింది. ఆగింది. పడవ పక్కకి కొట్టుకుపోతుంటే కాశిం గెడ వేసి ఒడ్డుకి నెట్టాడు. మోటారు కాస్తా మొరాయించింది.

కాశిం ట్యాంకు మూత మీది గాలి మర చూశాడు. తెరిచే ఉంది. పెట్రోలు పైపు చూశాడు. ఎక్కడా కారడం లేదు. ప్లగ్గు విప్పాడు. అది ప్లగ్గులా లేదు, జిడ్డు పూసిన బొగ్గులా ఉంది.

“పెట్రోల్లో ఆయిల్ నేనే కలిపాను. లీటరుకి మూతెడు, లెక్క తప్పలేదు. మరి ఈ పొగేంటి? పెట్రోల్లో కిరసనాయిలు కలిసుంటుంది,” అన్నాడు కాశిం.

“సుబ్బరత్నం కొట్లోదేనా? కల్తీ మొదలెట్టిందన్నమాట!” అన్నారెవరో. ఆ మాట దిగేవాళ్లతో పాటే రేవులో దిగింది. ఇంజన్ కంటే జోరుగా పరుగెత్తింది.

ఆయిల్ ఎక్కువైనా ప్లగ్గు ఇలాగే జిడ్డు కడుతుందని సిద్రాకి తెలుసు.

పొద్దున నాన్న టీకి వెళ్లినప్పుడు, ట్యాంకు పక్కన ఆయిల్ డబ్బా కనిపించింది. నాన్న మర్చిపోయాడనుకుంది. చెప్పకుండా సాయం చేసి మెప్పు కొట్టేయాలనుకుంది. లీటరుకి మూతెడు చొప్పున తనూ పోసింది. అమ్మ ఉప్పు వేసిన సంగతి తెలియక కూరలో నాన్న కూడా వేసినట్టయింది!

ఇప్పుడు చెబితే అందరి ముందూ తిట్లు. చెప్పకపోతే?

రేవు పైనే సుబ్బరత్నం కొట్టు. సబ్బుల వెనక పెట్రోలు క్యాన్లు పెట్టి అమ్ముతుంది. కాశిం, వెనకే సిద్రా వెళ్లేసరికే మాట ఆమెకి చేరిపోయింది.

“ఏం కాశిమూ, నేను కల్తీ చేస్తానా? ఇన్నేళ్లుగా పోయించుకుంటున్నావే!”

“నేననలేదండీ, నా ఇంజన్ అంటోంది,” అన్నాడు కాశిం.

“అయితే రేపట్నుంచి నీ ఇంజన్నే ఇంకో కొట్టు వెతుక్కోమను.” సబ్బు కొనడానికి వచ్చిన ఒకావిడ, సబ్బు కింద పెట్టేసి మెల్లిగా జారుకుంది. సబ్బు కంటే మెత్తగా!

అది చూసి సిద్రా ఉండబట్టలేకపోయింది.

“అబ్బా!” అని అరిచింది.

“ఏం గుచ్చుకుందే?” సుబ్బరత్నం అంత కోపంలోనూ పరుగెత్తుకొచ్చింది.

“ఏమీ గుచ్చుకోలేదు అత్తా... మా నాన్నని పిలిచాను.” సిద్రా తల దించుకుంది. “అబ్బా, ఆయిల్ నేను కూడా కలిపాను. నువ్వు కలిపావని తెలీదు.”

 

“అడగొచ్చుగా బేటా?” అన్నాడు కాశిం. మళ్లీ తనే, “నేనూ అడగకుండానే మాటనేశాను. తప్పయిపోయిందండీ సుబ్బరత్నమ్మగారూ. ఉత్త పెట్రోలు ఇప్పించండి. ట్యాంకులో ఎంతుందో అంత పోస్తే లెక్క సరిపోతుంది,” అన్నాడు.

సుబ్బరత్నం మూతి ముడుచుకునే క్యాను తీసిచ్చింది. కాశిం ట్యాంకులో పోసి కుదిపాడు. సిద్రా పాత గుడ్డతో ప్లగ్గు తుడిచింది. తాడు లాగితే ఇంజన్ కాసేపు పొగ కక్కి, తర్వాత కుదుటపడింది.

పడవ తిరిగి విజయవాడ ఒడ్డుకి వస్తుంటే, అక్కడ జనం ఎదురుచూస్తున్నారు. ఇంకో పడవ మీద ఆ కల్తీ మాట కాశిం కంటే ముందే వచ్చేసింది.

“కాశిమూ, సుబ్బరత్నం పెట్రోల్లో కిరసనాయిలు కలిపిందటగా?” అని ఒకాయన ఒడ్డు మీంచే కేకేశాడు.

కాశిం జవాబు చెప్పేలోపే సిద్రా పడవ ముందు బల్ల ఎక్కి నిలబడింది. ఇక్కడెవరూ తనని అడగలేదు. చెప్పకపోయినా తనకేమీ కాదు.

“కల్తీ కాదండీ! ఆయిల్ మా నాన్న కలిపాడు. అడక్కుండా నేను కూడా కలిపాను. అందుకే ఇంజన్ ఆగిపోయింది. సుబ్బరత్నం అత్త పెట్రోలు మంచిదే. మీకు ఎవరు చెప్పారో వాళ్లకి కూడా చెప్పండి!”

కాశిం నెమ్మదిగా పడవని రేవుకి చేర్చాడు. వెనక మోటారు ఆగకుండా, మెల్లిగా తిరుగుతోంది. ఆ చప్పుడు ఎంత చిన్నదంటే, సిద్రా మాట ఒడ్డు మీద చివర నిలబడ్డ వాళ్లకి కూడా వినిపించింది.