ఎడమచేతి కుట్టు

మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో ఏజెంట్ హయాత్ శవమై దొరికాడు. మెడలో దబ్బనం. గోతాలు కుట్టే పెద్ద సూది అది. సగానికి పైగా దిగింది.

సత్తెనపల్లి రోడ్డు పక్కన కారులో చీఫ్ ఖాజావలి ఏజెంట్ మాధురికి ఒక మిర్చి గోతం ఫోటో అందించాడు.

"చనిపోయే ముందు హయాత్ పంపింది ఇదొక్కటే. ఈ మిర్చి టిక్కీలో, ఈ గోతంలోనే, హార్డ్ డిస్క్ ఉంది. మన తీరపు రాడార్ కోడ్‌లన్నీ అందులోనే. సాయంత్రం నాలుగింటికి వాడరేవులో టిక్కీలతో బోటు కదులుతుంది. పోలీసులు కనబడితే ముందే కదులుతుంది. నువ్వొక్కదానివే వెళ్లాలి."

"ఎన్ని టిక్కీలు సార్?"

"రెండొందలు. ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్, 'వాన పడేలా ఉంది.'"

మాధురి ఫోటో చూసింది. కూలీలు గోతాన్ని కుడి నుంచి ఎడమకు కుడతారు. ఇది ఎడమ నుంచి కుడికి ఉంది, ఎడమచేతి వాటం. చివర మూడు ముళ్లు. ఇంట్లో బియ్యం బస్తాకీ అవే మూడు ముళ్లు. వారం నుంచి ఇంట్లో దబ్బనం కనబడటం లేదు.

"ఇది మా ఆయన కుట్టు సార్."

ఖాజావలి ఆమె వైపు తిరిగాడు.

"నీ సంగతి అతనికి తెలుసా?"

"టీచర్ననుకుంటున్నాడు. తనేమో పొదిలిలో పురుగుమందులు అమ్ముతున్నానన్నాడు."

"వేరేవాళ్లని పంపనా?"

"వద్దు. హయాత్‌ని మా స్కూల్ క్లర్కని చెప్పి భోజనానికి పిలిచాను. ఆయనే కొసరి కొసరి వడ్డించాడు."

వాడరేవు. మూడూ యాభై. పాత చీర, తలమీద ఎండుచేపల తట్ట, తట్టలో కత్తి, చెవి దిద్దులో మైక్, చిన్న స్పీకర్. మాధురి బోటెక్కింది. ఆమె భర్త ప్రేమ్‌చంద్ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. పక్కన నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ముఠా పంపిన షారోన్.

"చేపలు కావాలా బాబూ," అంటూ మాధురి టిక్కీల మూతులు తడుముకుంటూ పోయింది. మూడో వరసలో వేలికి మూడు ముళ్లు తగిలాయి. కత్తి తీసింది.

"ఏయ్, ఎవరు నువ్వు?" ప్రేమ్‌చంద్ చెయ్యి పట్టి తిప్పాడు. మొహం చూసి ఆగిపోయాడు. "మాధురీ? స్కూల్లో లేవా?"

"పొదిలిలో లేవా నువ్వు?"

ఆరేళ్లలో అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"ఇంటికెళ్లు. తర్వాత మాట్లాడుకుందాం."

"హయాత్‌కీ అదే చెప్పావా?"

షారోన్ పిస్టల్ తీసింది. "నీ భార్యా? కాల్చనా?"

ప్రేమ్‌చంద్ వాచీ చూసుకున్నాడు. మూడూ యాభై తొమ్మిది.

"తొందరగా కానివ్వు. బోటు కదలాలి."

మాధురికి ఏడుపు రాలేదు. ఒళ్లంతా భగ్గుమంది.

షారోన్ తలెత్తి ఆకాశం చూసింది. మబ్బుతునక లేదు.

"వాన పడేలా ఉందక్కా," అంటూ పిస్టల్‌ని ప్రేమ్‌చంద్ మీదికి తిప్పింది. "ఇతని జవాబు నువ్వు వినాలనే 'కాల్చనా' అని అడిగాను."

ఇంజన్ మోగింది. షారోన్ డ్రైవర్ మీదికి ఉరికింది. మాధురి ఒక్క కోతతో టిక్కీ చీల్చింది. ఎర్రటి కాయలు బొలబొలా రాలాయి. వాటి మధ్య నల్లటి డిస్క్. ప్రేమ్‌చంద్ దానిమీదికి దూకాడు. చేపలతో సహా తట్ట అతని మొహాన పగిలింది.

"ఇది హయాత్‌కి వడ్డించినందుకు," అంది మాధురి.

డిస్క్ ఆమె చేతికొచ్చింది. షారోన్ ఇంజన్ ఆపి, పిస్టల్ మళ్లీ ప్రేమ్‌చంద్‌కి గురిపెట్టింది. సరిగ్గా నాలుగు.

దిద్దులో ఖాజావలి గొంతు వినిపించింది. "శభాష్. వారం సెలవు తీసుకో."

"ఇవాళొక్కరోజు చాలు సార్. ఇంట్లో ఆయన కుట్టిన బస్తా ఇంకొకటుంది. బియ్యమనే చెప్పాడు. కోసి చూడాలి."