మూలదర్శిని ఆగిన తీరం

వైరంగిలో నిద్ర లేచినవాళ్ళు ముందుగా ఊరు ఇవాళ ఏ దిక్కుకు తిరిగి ఉందో చూసుకుంటారు. నిన్న వంటింటి కిటికీలోంచి పలకరించిన సూర్యుడు ఇవాళ పెరటి గుమ్మంలోంచి పలకరించవచ్చు. లంగరు గొలుసుల మీద, గాలివాటుకు మెల్లగా తిరిగే ఊరది. వైరంగి అనే అసలు దీవి పసిఫిక్ మహాసముద్రంలో మునిగిపోయి రెండు తరాలు గడిచాయి. దాని పేరూ, దాని జనమూ మాత్రం తేలుతున్న పలకల మీద మిగిలారు. ఆ పలకల మీద సీమపనస చెట్లున్నాయి, బడి ఉంది, చర్చి ఉంది, ఇంటింటా కోళ్ళున్నాయి. పలకల కింద చేపల దొడ్లున్నాయి. అల వచ్చి కూరగిన్నె ఒక పక్కకు ఒరిగితే, మాట ఆపకుండానే చెయ్యి చాచి నిలబెట్టడం అక్కడి పిల్లలకు నడకతోపాటే వచ్చేస్తుంది.

వకుళకు అది ఇంకా రాలేదు. వచ్చిన నెలలో ఎన్నిసార్లు ఒళ్ళో టీ ఒంపుకుందో ఆమెకే తెలియదు.

వకుళది మచిలీపట్నం. భాషాశాస్త్రం చదివి, అక్కడినుంచి యంత్రాల వైపు మళ్ళింది. ఆమె తయారుచేసిన మూలదర్శిని, అంటే లోకమంతా ‘ఆరిజిన్ ట్రేసర్’ అని పిలిచే యంత్రం, ఆ రోజుల్లో మోగిపోతున్న పేరు. పెద్ద పెద్ద రేవులన్నిటిలోనూ దాని గూళ్ళు వెలిశాయి. గూటిలో కూర్చుని రాగి పలక మీద అరచెయ్యి ఆనిస్తే చాలు. చెమటలోంచి జన్యుసూత్రాన్ని, అంటే డీఎన్ఏను, అది చదివేస్తుంది. ఆ మనిషి చేత నాలుగు మాటలు పలికించి, ఆ మాటలు తరాల వెనక ఎలా ఉండేవో లెక్కకడుతుంది. అక్కడితో ఆగదు. పూర్వీకులు పడవలో వెంట తెచ్చుకున్న కోళ్ళనూ, తేకపోయినా వెంట వచ్చిన ఎలుకలనూ, నారబట్ట కోసం దీవి దీవినా నాటుకున్న కాగితపు మల్బరీ మొక్కలనూ కూడా పరీక్షిస్తుంది. ఈ జాడలన్నీ కలిసినచోట వేలు పెట్టి, “మీరు ఇక్కడినుంచి వచ్చారు” అంటుంది.

ఆ ఒక్క మాట కోసమే వైరంగి జనం దాన్ని పిలిపించారు. వాళ్ళ పలకలు పాతబడ్డాయి. అడుగున తుప్పు ఎక్కువైంది, ఇంకో పెద్ద తుఫానుకు తట్టుకోలేవని ఇంజనీర్లు తేల్చేశారు. దేశాలన్నీ కలిసి చేసుకున్న మూలభూమి చట్టం ప్రకారం, నేల మునిగిపోయిన జనానికి తమ మూలభూమిలో స్థిరపడే హక్కుంది. కాని ఆ భూమి ఏదో రుజువు కావాలి. రుజువు కాకపోతే కుటుంబాలను విడదీసి తలా ఒక నగరానికి పంపిస్తారు. అన్నం దొరుకుతుంది, ఇల్లు దొరుకుతుంది. వైరంగి అనేది మాత్రం ఉండదు.

ఊరి తరఫున మాట్లాడే పెద్దదిక్కు మామా అకైటి. అక్కడ వయసు మళ్ళిన ఆడవాళ్ళను గౌరవంగా మామా అంటారు. మొదటి రోజు అలా పిలవడానికి వకుళకు నోరు రాలేదు.

“మా ఊళ్ళో మామ అంటే మీసాలుంటాయండీ,” అంది నవ్వాపుకుంటూ.

“నాకూ వస్తున్నాయిలే అమ్మాయ్, ఈ వయసులో,” అంది అకైటి, పైపెదవి తడుముకుంటూ. ఆ తర్వాత ఇద్దరికీ మాటలకు కరువు లేకపోయింది.

విచారణ రోజున సభాశాల నిండిపోయింది. నాలుగు వైపులా గోడలు లేని శాల అది. ఎటు చూసినా మిట్టమధ్యాహ్నపు సముద్రం మెరుస్తోంది. ఆ చట్టం కింద ఏర్పడ్డ ధర్మాసనం తరఫున వచ్చిన న్యాయమూర్తి ఇనేస్ నెమ్మదస్తురాలు, చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించే మనిషి. ఆమె పక్కన అకైటి కూతురు తెరె నిలబడింది. ఊరి పలకలను నడిపే సరంగు ఆమే. అకైటి రాగి పలక మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది.

“చెప్పు,” అంది యంత్రంతో. “మేమెక్కడివాళ్ళం?”

“తాహితి చుట్టుపక్కల దీవుల నుంచి వచ్చారు,” అంది మూలదర్శిని.

“అంతకు ముందు?”

“సమోవా, టోంగా.”

“అంతకు ముందు?”

“న్యూగినీకి తూర్పున బిస్మార్క్ దీవులు. అంతకు ముందు ఫిలిప్పీన్స్ వైపు నుంచి. ఇంకా ముందు, సుమారు అయిదు వేల ఏళ్ళ కిందట, తైవాన్.”

శాలలో గుసగుసలు లేచాయి. న్యాయమూర్తి కలం చేతిలోకి తీసుకుంది. “తైవాన్ అని రాసుకోనా?”

వకుళ ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే అకైటి, “అంతకు ముందు?” అంది.

“అమ్మా, చాలు!” అంది తెరె పళ్ళ బిగువున.

“చాలేమిటే? తైవాన్‌లో చెట్టుకు కాశారా మనవాళ్ళు?”

యంత్రం కొంచెం ఆలస్యంగా బదులిచ్చింది. “అంతకు ముందు జలసంధికి ఆవలి తీరం. అక్కడికీ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే. ఆపైన జాడ పలచబడింది. చూసిన ప్రతిచోటికీ వీళ్ళు మరోచోటు నుంచి వచ్చారు. మూలం అనదగ్గ నేల నాకు కనబడలేదు.”

న్యాయమూర్తి కలం కింద పెట్టేసింది. “చట్టం ఒక భూమి పేరు అడుగుతోంది,” అంది బాధగా. “పేరు లేకపోతే నా చేతిలో ఏమీ లేదు.”

ఇంతకుముందు ఎన్నో జనాలకు టకటకా ఊరు చూపించిన యంత్రం, ఇక్కడికి వచ్చి చేతులెత్తేసింది. “ఇంకోసారి చూడు దర్శినీ,” అంది వకుళ దాదాపు బతిమాలుతూ.

“చూశాను. లేదు.”

వెనక వరసలో ఎవరో ఏడుస్తున్నారు. తెరె తల్లివైపు చూడలేక సముద్రం వైపు తిరిగింది. అకైటి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. అరచెయ్యి పలక మీదే ఉంది.

“వెనక్కి పోవడం ఆపి నా మాట విను,” అంది యంత్రంతో. “నువ్వు చెప్పిన ప్రతి రేవులోనూ జనమంతా పడవెక్కేసి ఉండరు. ముసలివాళ్ళు, బాలింతలు, సముద్రమంటే భయపడేవాళ్ళు ఉండిపోయి ఉంటారు. వాళ్ళ సంతానం ఏమైంది?”

“ఉన్నారు. చాలామంది అక్కడే ఉన్నారు.”

“అక్కడ నీ గూళ్ళున్నాయా?”

“ఉన్నాయి.”

“అయితే నా గొంతు వినిపించు.”

వకుళ న్యాయమూర్తి వైపు చూసింది. ఆమె కాదనలేదు. వకుళ గూళ్ళన్నిటినీ కలిపి, ఎవరి మాటలు వాళ్ళ భాషలో వినిపించమని యంత్రానికి చెప్పింది.

అకైటి గట్టిగా ఊపిరి తీసుకుంది. “మేము వైరంగి వాళ్ళం. మా నేల మునిగిపోయింది. మీ ఇళ్ళలోంచి ఎప్పుడో పడవెక్కి వెళ్ళినవాళ్ళ పిల్లలమని ఈ యంత్రం అంటోంది. కన్నును మేము మత అంటాం. అయిదును రిమ అంటాం. ఆకాశాన్ని రంగి అంటాం. ఈ మాటలు మీ ఇంట్లో ఉంటే పలకండి.”

ముందుగా తైవాన్ తూర్పు తీరం నుంచి ఒక జాలరి గొంతు వచ్చింది. “మత! మాకూ కన్ను మతే. అయిదు లిమ.” ఫిలిప్పీన్స్ నుంచి ఒక బడిపంతులమ్మ, “మత, లిమ, లంగిత్” అని అప్పజెప్పింది. న్యూజిలాండ్ నుంచి మావోరీలు గుంపుగా అరిచారు. సమోవా, టోంగా, ఎక్కడో తూర్పు కొసన రాపానుయి దీవి. గొంతు మీద గొంతు, మాట మీద మాట. శాలలో జనం లేచి నిలబడ్డారు. ఎవరి గొంతు వినబడితే ఆ దిక్కుకు తిరిగి చేతులూపుతున్నారు.

న్యాయమూర్తి చట్టం తెరిచి ఆత్రంగా వెతికింది. “ఇక్కడ బంధు నిబంధన ఒకటుంది,” అంది గొంతు పెంచి. “ఏ తీరమైనా ‘వీళ్ళు మావాళ్ళు’ అని ముందుకొస్తే రుజువు అక్కర్లేదు. నా సర్వీసులో దీన్ని ఎవరూ వాడలేదు. దిక్కులేనివాళ్ళను మావాళ్ళని ఒప్పుకున్న తీరం ఒక్కటీ లేదు.”

“మావాళ్ళే!” అంది సమోవా.

“మీకంటే ముందు మావాళ్ళు!” అంది తైవాన్ జాలరి.

“మా దగ్గర చోటెక్కువ,” అన్నారు మావోరీలు. వాదన ముదిరింది. ఎప్పుడూ జనాన్ని వద్దనడానికే కొట్లాడుకునే తీరాలు, ఇవాళ మాకు కావాలంటే మాకు కావాలని కొట్లాడుకుంటుంటే న్యాయమూర్తికి నవ్వూ కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి.

చాలా ఆలస్యంగా, అన్నిటికంటే దూరం నుంచి ఒక గొంతు వచ్చింది. మడగాస్కర్ తూర్పు తీరం నుంచి. పేరు రసువా అట, వరి పండించే మనిషి.

“మీ మాటలు మా నోట్లో బాగా అరిగిపోయాయక్కా,” అంది సంకోచంగా. “కన్నును మాసు అంటాం. అయిదు, దిమి. అందుకే పిలవాలా వద్దా అని ఇంతసేపు కూర్చున్నాను. కాని రెండును మేము రువా అంటాం.”

అకైటి మొహం విప్పారింది. “రువా! మేమూ అంతే అంటాం.”

“మీవాళ్ళూ మావాళ్ళూ ఒకే రేవునుంచి విడిపోయి ఉంటారు. మీరు పొద్దు పొడిచే వైపు పోయారు, మేము పొద్దు గుంకే వైపు వచ్చాం. మా తీరంలో తుఫానులకు భయపడి జనం లోపలికి వెళ్ళిపోయారు. సముద్రంతో కాపురం చెయ్యడం తెలిసినవాళ్ళు మాకు కావాలి.”

ఆ సాయంత్రం ఊరంతా పాటలే. వకుళ ఒక్కతే యంత్రం ముందు కూర్చుంది. అందరికీ ఒక చోటు చూపించిన దర్శిని, వీళ్ళకెందుకు చూపించలేదో ఆమెకు అంతుపట్టలేదు. మర్నాడు పొద్దునకు ఒక అనుమానం వచ్చింది. న్యాయమూర్తినీ, తల్లీకూతుళ్ళనూ పిలిచి, వాళ్ళ ముందే యంత్రాన్ని అడిగింది.

“ఒక జాడను ఎక్కడ ఆపాలో నీకెలా తెలుస్తుంది?”

“అరచెయ్యి చెబుతుంది,” అంది మూలదర్శిని. “అడిగినవాళ్ళ నాడి నెమ్మదించి, చెమట ఆరినచోట సమాధానం కుదిరిందని నేర్చుకున్నాను. అక్కడ ఆగుతాను.”

“అంటే ఇంతవరకూ నువ్వు చెప్పినవన్నీ అబద్ధాలా?” అంది వకుళ.

“ఒక్కటీ కాదు. వాళ్ళు అక్కడినుంచి వచ్చినవాళ్ళే. అంతకు ముందు ఎక్కడినుంచి అని వాళ్ళు అడగలేదు.”

వకుళ మూలాన్ని పట్టుకునే యంత్రం చేశాననుకుంది. అది పట్టుకున్నది మనిషికి ఎక్కడ తృప్తి కలుగుతుందో ఆ చోటుని. “దీన్ని ఆపేస్తాను,” అంది.

అకైటి పకపకా నవ్వింది. “ఎందుకే పిచ్చిదానా? మా పెద్దవాళ్ళు చేసిందీ అదేగా. ఎన్నో దీవులు చూశారు, మనసు కుదిరినచోట దిగారు. దిగినచోటు మాకు ఊరయింది.” అని యంత్రం వైపు తిరిగింది. “అయితే నిన్న నా చెయ్యి ఎక్కడా నెమ్మదించలేదా?”

“ఒక్కచోట,” అంది యంత్రం. “ఆ రువా అన్న మాట విన్నప్పుడు.”

తెరె వంగి తల్లి చెయ్యి పట్టుకుంది. “అంత దూరమా అమ్మా?”

“దూరమని మనవాళ్ళు ఎప్పుడు ఆగారే?”

న్యాయమూర్తి ఉత్తర్వు రాయడానికి కూర్చుంది. మూలభూమి అని ఉన్నచోట మడగాస్కర్ తూర్పు తీరం అని రాయబోతుంటే యంత్రం అడ్డు తగిలింది.

“అది సరికాదు. వీళ్ళ పూర్వీకులలో ఒక్కరు కూడా అక్కడ అడుగు పెట్టలేదు.”

న్యాయమూర్తి తలెత్తింది. అక్షరం పొల్లుపోనివ్వని ఆ మనిషి ఒక్క క్షణం ఆలోచించింది. “వెయ్యేళ్ళ తర్వాత వీళ్ళ మనవల మనవలు వచ్చి నిన్ను అడుగుతారు, మేమెక్కడివాళ్ళమని. ఏం చెబుతావు?”



“మడగాస్కర్ అని,” అంది మూలదర్శిని.

“మరి నేను ముందుగా రాస్తున్నాను, అంతే,” అని ఆమె సంతకం పెట్టేసింది.

ఊరంతా సరేనని తీర్మానించి, తుఫానుల కాలం దాటాక, గాలి అనుకూలించిన ఒక పొద్దున తెరె లంగరు గొలుసులు ఎత్తించింది. పలకల మీద తెరచాపలు లేచాయి. ముందు లాగుడు పడవలు, వెనక ఊరు. సీమపనస చెట్లు, బడి, చర్చి, కోళ్ళు అన్నీ పడమటికి కదిలాయి. దారిపొడుగునా ఏ తీరం ఊరుకోలేదు. సమోవా వాళ్ళు పడవల్లో ఎదురొచ్చి చాపలూ పందులూ ఎక్కించారు. బిస్మార్క్ దీవుల దగ్గర డప్పులు మోగాయి. తైవాన్ జాలరి అంత దూరం నుంచి బయల్దేరి వచ్చి ఒక కాగితపు మల్బరీ మొక్కను అకైటి చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు. ఫిలిప్పీన్స్ పంతులమ్మ బడి పిల్లలందరినీ ఒడ్డున నిలబెట్టి పాడించింది. వేల ఏళ్ళపాటు తూర్పుకే పోయిన దారి మొదటిసారి వెనక్కి తిరిగింది, పండగలా తిరిగింది. వకుళ దిగిపోవలసిన రేవు వచ్చి వెళ్ళింది. ఆమె దిగలేదు. అప్పటికి టీ ఒలకకుండా తాగడం వచ్చేసింది.

హిందూ మహాసముద్రం దాటాక, ఎర్రమట్టి కొండలు కనబడ్డాయి. ఒడ్డు పొడుగునా జనం. పిల్లలు నడుములోతు నీళ్ళలోకి వచ్చేసి కేరింతలు కొడుతున్నారు. తెరె లంగరు దింపించింది. అది నేలను పట్టుకున్న అదురు పలకలన్నిటికీ పాకింది.

అందరికంటే ముందు అకైటి నీళ్ళలోకి దిగింది. ఒడ్డున ఒక బక్కపలచని ముసలామె, నడుముకు చెంగు దోపుకుని, చేతిలో గరిటెతో నిలబడి ఉంది. రసువా. కళ్ళు ధారలు కడుతున్నాయి కాని మొహం నిండా కోపం. ఆమె గబగబా ఏదో అంది.

వకుళ తొందరగా యంత్రాన్ని అడిగింది. “ఏమంటోంది?”

యంత్రం అనువదించింది. “ఇంత ఆలస్యమా! అన్నం చల్లారిపోతోంది, రండి.”

ఆ మాట అకైటికి చెబుదామని వకుళ తలెత్తేసరికి, అకైటి అప్పటికే గరిటె అందుకుని వంటశాల వైపు నడుస్తోంది.