రెయిన్ మోడ్‌లో మహిపాల్

వెనక చక్రం జారింది!

హబ్సిగూడ మలుపు. మెట్రో పిల్లర్ల కింద రోడ్డు మీద తెల్లగీత, దాని మీద వాననీళ్లు. సరిగ్గా దాని మీదికే ఎక్కింది బండి.

మీటర్‌లో పసుపు లైట్ టపటపా కొట్టుకుంది. ట్రాక్షన్ కంట్రోల్... ఇంజన్ ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం పవర్ తగ్గింది. చక్రానికి మళ్లీ రోడ్డు దొరికింది.

మహిపాల్ పడలేదు.

పడి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన కూడా అతనికి రాలేదు.

సాయంత్రమే అయినా ఆకాశం నల్లగా మూసుకుపోయింది. ముందు ఒక ఎర్ర టెయిల్ లైట్ ఉప్పల్ వైపు పారిపోతోంది. ఆ బండి మీదున్నవాడు హృషికేశ్.

కాసేపటి క్రితం, నాచారంలో మూతపడ్డ ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర ముగ్గురు మఫ్టీలో కాపు కాశారు. ఎస్సై మహిపాల్, హెడ్ కానిస్టేబుల్ త్రిమూర్తులు, కానిస్టేబుల్ మానస. హృషికేశ్ మత్తుబిళ్లల బ్యాగ్‌తో వస్తున్నాడని కబురు. బండి కనపడగానే త్రిమూర్తులు రోడ్డుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు.

బండి ఆగలేదు!

త్రిమూర్తులు ఎగిరి డివైడర్ మీద పడ్డాడు. మహిపాల్ పరిగెత్తుకెళ్లి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. నాడి తగల్లేదు. ఏళ్ల తరబడి ఒకే టిఫిన్ డబ్బాలో కలిసి తిన్న మనిషి...

“మూర్తన్నను జూస్కో,” అని మానసకి చెప్పి తన బండెక్కాడు.

అప్పటి నుంచి లోపల ఏమీ లేదు. కోపం లేదు. ఏడుపు లేదు. వాన కూడా ఇంకెవరి ఒంటి మీదో పడుతున్నట్టుంది.

చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ చేతులకి వానలో బండి నడపడం నేర్పింది... హృషికేశే!

ఉప్పల్ చుట్టుపక్కల రైడింగ్ ట్రైనర్‌గా అతనికి మంచి పేరు. మహిపాల్ ఈ బండి కొన్న కొత్తలో, వాన పడే ఆదివారాలు చూసి మరీ ప్రాక్టీసుకి రమ్మనేవాడు. తడిరోడ్డు మీద స్పోర్ట్ మోడ్ జోలికి పోవద్దనేవాడు. రెయిన్ మోడ్‌లో యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఇంజన్ మెల్లగానే అందుకుంటుందని చూపించాడు. ట్రాక్షన్ కంట్రోల్ చూసుకునేది వెనక చక్రం ఊరికే తిరిగిపోకుండా... అంతే. ముందు చక్రం జారితే అది ఆదుకోదు. మలుపులో బ్రేక్ మీద చెయ్యి వెయ్యకు. ఎన్నిసార్లు చెప్పాడో.

స్టేడియం స్టేషన్ దాటింది. తిన్నటి రోడ్డు.

ఎర్ర లైట్ చిన్నదైపోతోంది...

మహిపాల్ బొటనవేలు మోడ్ బటన్ మీదికి వెళ్లింది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి ఒక్క నొక్కు. రెయిన్‌లోంచి స్పోర్ట్‌లోకి మారిపోతుంది. అందుకోవచ్చు.

నొక్కలేదు.

కోపం ఉన్నవాడైతే నొక్కేవాడు.

ఉప్పల్ రింగ్ రోడ్. స్కైవాక్ కింద బస్సులు, ఆటోలు, గొడుగులు. సిగ్నల్ ఎర్రగా ఉంది. హృషికేశ్ లెక్కచెయ్యలేదు. నాగోల్ వైపు కుడికి తిప్పాడు. తవ్విన రోడ్డు మీద పరిచిన ఇనుప ప్లేట్లు వానకి తడిసి మెరుస్తున్నాయి.

వాటి మీదే యాక్సిలరేటర్ తిప్పాడు!

వెనక చక్రం గిర్రున తిరిగింది. బండి అడ్డం తిరిగి... పడింది! నిప్పురవ్వలు చిమ్ముకుంటూ జారిపోయి పిల్లర్‌కి కొట్టుకుంది.

మహిపాల్ బండిని నిటారుగా పట్టి, యాక్సిలరేటర్ కదపకుండా ప్లేట్లు దాటాడు. ఆగాడు. స్టాండ్ వేశాడు. హెల్మెట్ తియ్యకుండానే పిస్టల్ తీశాడు.

హృషికేశ్ కాలు బండి కింద ఇరుక్కుపోయింది. రెండు చేతులూ పైకెత్తాడు.

“కాల్చకండి సార్. ఆయన్ని కావాలని గుద్దలేదు. పక్క నుంచి తప్పించుకుపోదామనుకున్నా. ట్రాక్షన్ ఆఫ్ చేసుంది... బండి జారిపోయింది.”

“నువ్వే గదా నేర్పింది,” అన్నాడు మహిపాల్. “వానల ఆఫ్ జెయ్యొద్దని.”



పిస్టల్ హృషికేశ్ గుండెకి సూటిగా ఉంది. మహిపాల్ చెయ్యి వణకడం లేదు. కాల్చాలని లేదు. కాల్చకూడదనీ లేదు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది... అంతే.

హెల్మెట్‌లో బ్లూటూత్ మోగింది. కాల్ దానంతటదే కలిసింది. మానస. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

“సార్, ఆటోల దవాఖానకు వోతున్నం. మూర్తన్న బతికే ఉన్నడు. కండ్లు దెరిసిండు సార్. మీరేడున్నరని అడుగుతుండు.”

“బతికున్నడా?”

ఒక్కసారిగా వాన చల్లగా తగిలింది. గొంతులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. మెడ, భుజం, మోచెయ్యి, మణికట్టు... ఒళ్లంతా కుదిపేస్తూ ప్రాణం తిరిగొచ్చింది.

వేలు బిగుసుకుంది.

ధన్!

పైకెత్తిన చేతులు రెండూ మెల్లగా నీళ్లలోకి వాలిపోయాయి.

“సార్...” మానస గొంతు. “ఏంది సార్ ఆ సప్పుడు?”