చర్చి గేటు దగ్గర మర్డీనా డ్యూటీ

మా ఊరు కిల్‌వారిక్‌లో చీకటి పడ్డాక చర్చి గేటు వైపు ఎవరూ వెళ్లరు. పీకలదాకా తాగినవాళ్లు కూడా వెళ్లరు. పబ్బు నుంచి ఇళ్లకి అదే దగ్గరదారి అయినా సరే, వానలో తడుస్తూ వాగు చుట్టూ తిరిగే పోతారు. ఎందుకంటే ఆ గేటు దగ్గర ఎవరో ఉంటారు... దగ్గుతుంటారు.

ఆ ఎవరో ఎవరన్నది అందరికీ తెలుసు. సమాధుల తోటలో అందరికన్నా ఆఖరున పూడ్చినవాళ్లే గేటు కాయాలి — అది మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. ఇంకో శవం వచ్చేదాకా వాళ్లకి కూర్చునే యోగం లేదు. వెనకటికి ఒకేరోజు రెండు శవాలు లేస్తే, మోసేవాళ్లు పెట్టెలతో సహా పరుగులు తీసేవారట — మా తాత ముందు లోపలికి పోవాలి, మీ తాత కాపలా ఉండాలి అని. గేటు దగ్గర ముక్కులు పగలగొట్టుకున్నారట కూడా. అదీ మా ఘనచరిత్ర.

ఇప్పుడు డ్యూటీ మర్డీనాది. గొర్రెలు కాసే హెక్టర్ భార్య. బతికున్నన్నాళ్లూ మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గరనుంచి కదలని మనిషి. పోయి మూడేళ్లు దాటింది. ఆ తర్వాత ఊళ్లో ఒక్కరూ పోలేదు. మా చలికి మనుషులు పాడవకుండా నిలవుంటారు కాబోలు.

అంతలో గెడెస్ మాస్టారు దిగబడ్డాడు. పట్నంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరై, మా ఊళ్లో ఇల్లు కొనుక్కుని, వచ్చీ రాగానే గ్రామ చరిత్ర సంఘం పెట్టాడు. కనబడ్డ ప్రతి రాయికీ ఇత్తడి పలక కొట్టించాడు. మా పెరట్లో బండ ఒకప్పటి బలిపీఠమని ఆయన తేల్చేదాకా, మా అమ్మ దానిమీద హాయిగా చేపలు తోముకునేది. చివరికి సమాధుల తోట మొత్తం ప్రాచీన స్థలమని పైవాళ్లకి రాసి, ఇకమీదట అక్కడ మనిషన్నవాణ్ని పూడ్చకూడదని ఆర్డరు తెప్పించాడు.

సంఘం మీటింగులో హెక్టర్ టోపీ చేత్తో పట్టుకుని లేచాడు.

"మాస్టారూ, ఇంకెవరూ రాకపోతే... మా ఆవిడ గతేంటండీ? ఎన్నాళ్లని నిలబడుద్ది?"

"అది మూఢనమ్మకం హెక్టర్. ఎంత చక్కటి మూఢనమ్మకమయ్యా! దానికీ ఒక పలక పెట్టిద్దాం."

అందరూ పగలబడి నవ్వారు. హెక్టర్ మాత్రం తలొంచుకుని బయటికి పోయాడు.

ఆ చలికాలంలోనే ఒక రాత్రి... దయ్యమూ లేదు గియ్యమూ లేదని నిరూపించి వస్తానని మాస్టారు పబ్బులోంచి బయల్దేరాడు. శాస్త్రజ్ఞానం తోడుంది. రెండు విస్కీలూ తోడున్నాయి. ఇక ఇక్కణ్నుంచి జరిగిందంతా ఆయన నోటే విన్నాను.

గేటు దగ్గరికి వచ్చాడు. పొగమంచు. గాలి లేదు.

ఖళ్... ఖళ్...

"గొర్రె," అన్నాడు మాస్టారు, తనకి తనే పాఠం చెప్పుకుంటున్నట్టు. "గొర్రెలూ అచ్చం మనిషిలానే దగ్గుతాయి."

గేటు తోసి లోపలికి నడిచాడు. అప్పుడు వినబడింది ఇంకో చప్పుడు —

చర్... చర్... చర్...

ఎవరో మట్టి తవ్వుతున్నారు. సమాధి రాళ్ల మధ్య ఒక ఆకారం వంగి ఉంది. పక్కన నేలమీద... దుప్పట్లో చుట్టిందేదో ఉంది.

"ఇంకొంచెం సేపే, మర్డీనా..." గుసగుస. "ఇదిగో... అయిపోవచ్చింది..."

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎ... ఎవరది?"

ఆకారం నడుం పట్టుకుని లేచింది. "మెల్లగా మాస్టారూ! ఊరంతా లేస్తారు."

హెక్టర్! చేతిలో పార.

"ఆ దుప్పట్లో... ఎవర్రా?"

"గ్లెన్ అండీ. మా కుక్క. పొద్దున పోయాడు." హెక్టర్ దుప్పటి అంచు సర్దాడు. "మనుషుల్ని పూడ్చొద్దన్నారు గదా మీరు. కుక్కల మాట ఎత్తలేదు. పుట్టిందగ్గర్నుంచీ మంద కాసినోడు... కాపలా వాడికి తెలిసిన పని. ఆవిడకేం తెలుసండీ, పాపం."

దయ్యం కాదని తేలేసరికి మాస్టారికి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. ప్రాచీన స్థలంలో కుక్కా! పొద్దున్నే తవ్వించి అవతల పారేయిస్తానన్నాడు. హెక్టర్ దుప్పటి గుంటలోకి దించి, మన్ను కప్పి, దొడ్డిదారిన ఇంటికి పోయాడు.

మాస్టారు గేటు దాటాడు. దగ్గు లేదు. అంతా నిశ్శబ్దం.

రెండడుగులు వేశాడో లేదో... పిక్కకి ఏదో తగిలింది. తడిగా... చల్లగా...

వెనక్కి తిరిగాడు. ఏమీ లేదు. ఇంటి దారి పట్టబోతే ఆ పక్కన ఒక గుర్రు. ఈ పక్కకి జరిగితే ఈ పక్కనా గుర్రు. ఆగితే ప్యాంటు అంచు పట్టి లాగింది. ఆయన నడిచాడు, తర్వాత పరిగెత్తాడు, ఎటు పోతున్నాడో ఆయనకే తెలియదు.

తెల్లారి హెక్టర్ గొర్రెల దొడ్డి తలుపు తీశాడు. మంద మధ్యలో, మూలకి ఒదిగి, మాస్టారు! పాలకి వెళ్లిన నేను కళ్లారా చూశాను. అంత క్రమశిక్షణగా నిలబడ్డ చరిత్రకారుణ్ని మళ్లీ చూడలేదు.

పళ్లు టకటకలాడుతుంటే జరిగిందంతా చెప్పాడు. హెక్టర్ మధ్యలోనే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"గేటు దగ్గర మా ఆవిడ లేదా? నిజం చెప్పండి మాస్టారూ... దగ్గలేదా?"

"ఆవిడెక్కడయ్యా! కుక్క! అక్కడున్నది నీ కుక్క!"

హెక్టర్ ఆ బురదలోనే కూలబడి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అమ్మయ్య," అన్నాడు టోపీతో ముఖం తుడుచుకుని. "కూర్చుంది."