దారం లేని మగ్గం

పొద్దున ఆరు దాటింది. సిరిసిల్లలోని ఆ సందులో పవర్‌లూమ్‌లు ఇంకా మొదలుకాలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ వజ్రమ్మ చెవులు రిక్కించింది. ఎదురింటి నుంచి మగ్గం చప్పుడు రావడం లేదు.

ఆ ఇంటి చంద్రమౌళి పోయి ఏడాది. అయినా రోజూ తెల్లవారగానే అతని మగ్గం ఆడేది. అది దారమెక్కిన మగ్గం చప్పుడు కాదని నేతవాళ్ల చెవులకు తెలుసు. ఎముకకు ఎముక తగిలినట్టు టక్ టక్‌మనేది. చచ్చినవాడే వచ్చి కూర్చుంటున్నాడని వాడంతా ఆ గడప తొక్కడం మానేసింది.

వజ్రమ్మ కూతురు అలేఖ్య ఒక్కతే వెళ్లేది, చంద్రమౌళి భార్య ఎల్లవ్వకు ఇంత తిండి పెట్టడానికి. ఈ రోజూ జొన్నరొట్టె, పప్పు గిన్నెలో పెట్టుకుంది. తల్లి చున్నీ పట్టుకుని ఆపింది.

"యాడికే? సప్పుడు బందయింది, ఎరుకైతలేదా? గాయన బయటికచ్చి తిరుగుతున్నడేమో!"

"దయ్యాలకు గూడ సెలవుంటది కావచ్చమ్మా."

"నవ్వకు బిడ్డా! నిన్న ఎల్లవ్వ నీ రొట్టె కుక్కలకేసింది. మొన్న గిన్నె మురికి మోరీల పారేసింది. తిట్టేటోళ్లకు పెట్టుడెందుకు? నీకేమన్నయితే నేను బతుకుతనా?"

"తిట్టుడు ఆమెది, పెట్టుడు నాది. ఇడువమ్మా."

చున్నీ వజ్రమ్మ చేతిలోనే మిగిలింది. ఎదురింటి ఓరగా తెరిచిన తలుపు వెనక చీకట్లోకి పిల్ల మాయమైంది. పిలిచింది. అలేఖ్య పలకలేదు. మళ్లీ పిలిచింది. లోపలి నుంచి ఒక్కసారి టక్‌మంది.

వజ్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా బిడ్డ లోపలుంది. పరుగెత్తింది.

మగ్గం మీద ఒక్క పోగు లేదు. నేసేటప్పుడు చేత్తో లాగే తాడు మాత్రం ఊగుతోంది. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో పడి ఉంది ఎల్లవ్వ. అలేఖ్య ఆమె తలను ఒళ్లో పెట్టుకుంది.

"దారం లేకుండ ఏం నేత్తున్నవక్కా?" వజ్రమ్మ అడిగింది.

"నేసుడేంది? బతికే ఉన్ననని మీకు తెల్వాలెగద! ఏడాది సంది ఉత్త మగ్గం కొడుతున్న. ఒక్కలన్న తొంగి సూసిండ్రా? గీ పిల్లను తప్ప. గీమెను గూడ తిట్టి ఎల్లగొట్టిన. నాకు అలవాటైనంక రాకపోతే ఎట్లని..."

ఏ పిలుపు విని తాను రోజూ తలుపు గొళ్లెం వేసుకునేదో వజ్రమ్మకు అర్థమైంది. కళ్లు మసకబారాయి. రొట్టె తుంచి, పప్పులో అద్ది ఎల్లవ్వ నోటి దగ్గర పెట్టింది.

"నీ చేతిది నాకొద్దు, పో!" ముసలి చెయ్యి విసిరికొట్టింది. ముక్క మట్టిలో పడింది.

వజ్రమ్మ ముఖం మాడింది. అంతలోనే కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంకో ముక్క తుంచింది.

"తిట్టక్కా, తిట్టుకుంటనే తిను."